బొట్టుబిళ్ళల లిఫ్ట్: ఆట తెలియని నాలుగేళ్ళ బాబు కేస్ స్టడీ

నేను విశాఖపట్నంలో చిన్నపిల్లలతో పనిచేసే ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే ఆడటం, తినడం, రాయడం లాంటి రోజువారీ పనులు పిల్లలకి అలవడేలా సాయం చేసేదాన్ని. ఈ కేసు రాయడానికి బాబు తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. బాబుని ఇక్కడ చిన్ను అంటాను. ఇంటి ఆనవాళ్ళు కొన్ని మార్చాను. మొత్తం ఎనిమిది నెలల పని ఇది. అందులో మొదటి మూడు వారాలు నేను చేసింది తప్పు. అదే తప్పు ఎన్నో ఇళ్ళల్లో, ఎన్నో బడుల్లో రోజూ జరుగుతోంది కాబట్టే, నా దగ్గరున్న ఫైళ్ళలోంచి దీన్ని తీసి రాస్తున్నాను.

వచ్చిన రోజు

జూలైలో ఒక సాయంత్రం, జోరున వాన. పీఎం పాలెం నుంచి అమ్మ, మామ్మ కలిసి చిన్నుని ఆటోలో తీసుకొచ్చారు. వయసు నాలుగేళ్ళ ఒక నెల. ఎల్‌కేజీలో చేరి నెలైంది. నాన్నకి పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టుల ఉద్యోగం, కంపెనీ బస్సులో రానూపోనూ మూడు గంటలు పోతాయి. అమ్మ ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. ఉండేది అపార్ట్‌మెంట్లో ఐదో అంతస్తు. మామ్మది గజపతినగరం దగ్గర పల్లె, మనవడి కోసమని వచ్చి ఇక్కడే ఉంటోంది.

అమ్మ ఫోనులో రాసుకొచ్చిన జాబితా చదివింది. క్లాసులో కూర్చోడు. పెన్సిల్ పట్టుకోమంటే విసిరేస్తాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. పక్క పిల్లల్ని రెండుసార్లు కొరికాడు. "థెరపీకి చూపించండి, లేకపోతే వచ్చే టర్ముకి కష్టం" అని బడివాళ్ళు చెప్పారట.

మాటల సంగతి అడిగాను. అంకెలు యాభై దాకా చెప్తాడు. ఏ నుంచి జెడ్ దాకా ఆగకుండా అప్పజెప్తాడు. రోడ్డు మీద కారు గుర్తు చూసి కంపెనీ పేరు చెప్పేస్తాడు. అదే బాబు దాహమేస్తే "నీళ్ళు" అనడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు. ఎవరూ అడక్కుండా, తనకి కావలసి, తనంతట తాను వాడే మాటలు ఏవేవో అమ్మా నేనూ కూర్చుని లెక్కపెట్టాం. పద్నాలుగు తేలాయి.

ఫోన్ ఎదురుగా ఉంటేనే అన్నం ముద్ద దిగుతుంది. రోజుకి ఎంతసేపు చూస్తాడన్న ప్రశ్నకి ఆవిడే నిజాయితీగా లెక్కవేసి ఐదు గంటలంది. "మీటింగ్ నడుస్తుంటే వేరే దారి కనపడదు మేడమ్" అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. మొగుడు షిఫ్టులో, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, కిందకి వెళ్తే కార్ల పార్కింగ్. ఆ ఇంట్లో ఫోనొక్కటే ఇంకో మనిషిలా పనిచేస్తోంది.

మామ్మ అప్పటిదాకా మాట్లాడకుండా గదిలోని బొమ్మలు చూస్తూ కూర్చుంది. చివర్లో అడిగింది: "ఏటమ్మా, ఆటాడించడానికి కూడా ఫీజు కట్టాలేటి? మా గుంటల్ని మేం ఆడించామేటి? ఆళ్ళే ఆడుకున్నారు."

ఆ ప్రశ్న నాకు చాలా విలువైనదిగా తోచింది. నిజమే, వాళ్ళ పల్లెలో ఎవరూ ఆట నేర్పలేదు. నేర్పినవాళ్ళు వీధిలోనే ఉన్నారు, ఏడేళ్ళ పిల్లలు. తొక్కుడుబిళ్ళ, అచ్చనగాయలు, నేలాబండా, ఏ ఆటైనా పెద్దవాళ్ళ నుంచి రాలేదు, తనకంటే రెండేళ్ళు పెద్దయిన పిల్ల నుంచి వచ్చింది. చిన్నవాడు కొన్నాళ్ళు గట్టు మీద కూర్చుని చూస్తాడు, తర్వాత "ఆటలో అరటిపండు"గా చేరతాడు, తర్వాత అసలు ఆటగాడవుతాడు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో అమెరికాలో నర్సరీ పిల్లల్ని గమనించి రాసిన మెట్లు కూడా దాదాపు ఇవే: ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్ళు ఆడటం, వస్తువులు పంచుకుంటూ ఆడటం, చివరికి ఒకే ఆటని అందరూ కలిసి ఆడటం. చిన్నుకి ఆ గట్టూ లేదు, ఆ ఏడేళ్ళ అక్కా లేదు. మామ్మకి ఇదే చెప్పాను. "అయితే ఆ వీధిని మీరు గదిలోకి తేవాలన్నమాట" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

పరీక్షలు

మాట ఆలస్యమైన ఏ బిడ్డకైనా మొదట వినికిడి పరీక్ష చేయించాలి. శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో కొలిచే బెరా పరీక్షలో రెండు చెవులూ బాగున్నాయి. పిల్లల ఎదుగుదల నిపుణులైన డాక్టరు దగ్గరికి పంపాను. ఆటిజం లక్షణాలు కొన్ని ఉన్నాయి, ఆడుకునే అవకాశమూ బాగా తక్కువగా ఉంది, ఆరేడు నెలల తర్వాత మళ్ళీ చూసి తేలుద్దాం, ఈలోగా థెరపీ ఒక్క రోజు కూడా వాయిదా వేయొద్దు అన్నారు. "వర్చువల్ ఆటిజం అట కదా, ఫోన్ ఆపేస్తే పోతుందట" అని నాన్న ఒక వీడియో పంపారు. అది వైద్య పుస్తకాల్లో ఉన్న నిర్ధారణ కాదు. ఫోన్ తగ్గిస్తే మేలు జరుగుతుంది, తప్పకుండా తగ్గించాలి. కానీ ఆ పేరు నమ్ముకుని అసలు పరీక్ష మానేసిన కుటుంబాలు రెండేళ్ళు పోగొట్టుకుని నా దగ్గరికి వస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

నేను చేసిన ముఖ్యమైన పరీక్ష ఆట. గదిలో వంట సామాను, గుడ్డబొమ్మ, బ్లాకులు, కారు, బంతి, ఖాళీ డబ్బాలు, ఒక దుప్పటి పెట్టి ఇరవై నిమిషాలు ఏమీ చెప్పకుండా చూశాను. చిన్ను డబ్బాల మూతలు తీసి గోడవార వరసగా పేర్చాడు. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది. నేను ఒకటి పక్కకి జరిపితే అరిచి మళ్ళీ సర్దాడు. కారు తిరగేసి చక్రం తిప్పుతూ చెంప నేలకానించి చూశాడు. బొమ్మ వైపు తిరగనే లేదు. ఖాళీ గిన్నె అందించి "టీ తాగుదామా?" అంటే గిన్నె విసిరేశాడు. ఆ ఇరవై నిమిషాల్లో నా మొహంలోకి రెండుసార్లు చూశాడు.

మామూలుగా ఏడాదిన్నర బిడ్డ ఖాళీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని తాగినట్టు చేస్తుంది. రెండేళ్ళకి బొమ్మకి తినిపిస్తుంది. మూడేళ్ళకి వండి, వడ్డించి, గిన్నెలు కడుగుతుంది. నాలుగేళ్ళకి "నువ్వు డాక్టరు, నేను అమ్మ" అని పాత్రలు పంచుతుంది. చిన్ను ఆట ఏడాది బిడ్డ దగ్గర ఆగిపోయింది. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం ఏ వయసు బిడ్డలా ఉన్నాయో కొలిచే వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు మీద సామాజిక వయసు రెండేళ్ళ నాలుగు నెలలు వచ్చింది.

"ఉత్తుత్తి టీ తాగకపోతే ఏమవుతుంది మేడమ్, అంకెలు వచ్చుగా" అని నాన్న మర్యాదగానే అడిగారు. చాలామంది అడిగే ప్రశ్న కాబట్టి జవాబు ఇక్కడా రాస్తాను. "నీళ్ళు" అనే మాట నీళ్ళు కాదు. నీళ్ళ బదులు నిలబడే ఒక గుర్తు. ఖాళీ గ్లాసులో నీళ్ళున్నాయని అనుకోగలిగిన బుర్రే ఆ గుర్తుని నిజంగా వాడగలదు. రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1933లో ఆట గురించి చేసిన ఉపన్యాసంలో కర్రని గుర్రం చేసుకునే పిల్లవాణ్ణి ఉదాహరణగా తీసుకున్నాడు. కంటికి కనిపించేది కర్ర, మనసులో ఉన్నది గుర్రం. వస్తువు నుంచి అర్థాన్ని విడదీయడం పిల్లవాడు మొదట అక్కడే నేర్చుకుంటాడు. చిన్నుకి వచ్చిన యాభై అంకెలు పాటలా వచ్చినవే. ఐదు బిస్కెట్లు ఇమ్మంటే గుప్పెడు ఇచ్చేవాడు.

నా తప్పు

వారానికి రెండు సెషన్లు, ఒక్కొక్కటి నలభై ఐదు నిమిషాలు అనుకున్నాం. మొదటి మూడు వారాలు "ఆట ద్వారా నేర్పించాను". మూతలు వరస పెడుతుంటే పక్కన చేరి, "ఇదేం రంగు? ఎర్ర మూత ఏది? ఎన్ని ఉన్నాయి? ఇటు చూడు. వెరీ గుడ్." వాడు జవాబు చెప్పేవాడు కూడా. నోట్సులో "స్పందన బాగుంది" అని రాసుకున్నాను. కానీ నాలుగో సెషన్ నుంచి నన్ను చూడగానే గుమ్మం దగ్గరే కూలబడి ఏడవడం మొదలెట్టాడు. ఆరో సెషన్లో నా ముంజేతి మీద కొరికాడు.

ఆ సెషన్ వీడియో ఇంటికెళ్ళి చూశాను. పది నిమిషాల ముక్క తీసుకుని నా ప్రశ్నలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. వాడు నా వైపు వచ్చిన ప్రతిసారీ నేను పరీక్ష పెట్టాను. ఒకసారైతే మూత ఒకటి నా మోకాలి మీద పెట్టాడు, తనంతట తానే. నేను దాన్ని తీసి "వాట్ కలర్?" అన్నాను. వాడు మూత లాక్కుని వీపు తిప్పేశాడు. మూడు వారాల్లో వాడు నన్ను ఆటకి పిలిచిన సందర్భం అదొక్కటే, దాన్ని నేను చూసుకోలేదు.

ఆ వీడియో అమ్మకి చూపించాను. చూపించాలా వద్దా అని ఒక రోజంతా ఆలోచించాను. ఆవిడ చివరిదాకా చూసి, "ఇంట్లో నేనూ ఇలాగే అడుగుతాను మేడమ్. నిద్ర లేచిన దగ్గర్నుంచీ" అంది.

ఆట పేరుతో పాఠం చెబితే బిడ్డకి అది పాఠమే. బొమ్మలున్నంత మాత్రాన ఆట అయిపోదు. ఆటని మొదలుపెట్టేది, ఆపేది, మలుపు తిప్పేది బిడ్డ అయినప్పుడే అది ఆట. ఇది నాకు చదువుకున్న రోజుల నుంచీ తెలుసు. అయినా రిపోర్టు కార్డు మీద కన్నున్న తల్లిదండ్రులు ఎదురుగా కూర్చుంటే, ఫీజు తీసుకున్నందుకు ఏదో నేర్పి చూపించాలనే ఆత్రం థెరపిస్టుకీ వస్తుంది. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నెలకోసారైనా తమ వీడియో తాము చూసుకోవాలని నా విన్నపం.

బొట్టుబిళ్ళలు

అంతా ఆపేసి అమ్మకి ఒకటే పని చెప్పాను. రోజుకి పది నిమిషాలు వాడి పక్కన కూర్చోండి. అడగొద్దు, నేర్పొద్దు, మెచ్చుకోవద్దు కూడా. వాడు దేన్ని చూస్తున్నాడో మాత్రం రాయండి. నాలుగో రోజు రాత్రి వాట్సాప్‌లో వచ్చింది: "లిఫ్ట్ దగ్గర ఏడుపు ఆపాడు. బటన్ వెలిగితే నవ్వాడు. తలుపు మూసుకుంటుంటే నా మొహం చూశాడు."

ఆఖరి వాక్యం చదివి వెంటనే ఫోన్ చేశాను. ఒక వస్తువుని చూసి, ఆ సంతోషాన్ని పంచుకోవడానికి మనిషి మొహం వైపు తిరగడం: మాటకి ముందు రావలసింది అదే. మామూలు పిల్లల్లో ఏడాది లోపే కనిపించడం మొదలవుతుంది. మేమంతా దానికోసం బొమ్మల గదిలో వెతుకుతుంటే అది లిఫ్టులో ఉంది. మా సెంటరుకి వచ్చేటప్పుడూ వాడు లిఫ్ట్ దగ్గర ఆగిపోయేవాడు, మేం చెయ్యి పట్టి లాక్కొచ్చేవాళ్ళం.

ఇంట్లో లిఫ్ట్ కట్టండి అన్నాను. ఎలా కడుతుందో ఆవిడకే వదిలేశాను. శ్రావణ మాసం, పేరంటాల్లో తాంబూలంతో పాటు వచ్చిన బొట్టుబిళ్ళల ప్యాకెట్లు ఇంట్లో బోలెడున్నాయి. పడగ్గది గుమ్మం పక్కన గోడకి, వాడి చెయ్యి అందే ఎత్తులో, ఆరు ఎర్ర బిళ్ళలు నిలువుగా అంటించింది. గ్రౌండ్ నుంచి ఐదు దాకా. కర్టెన్ తలుపు.

చిన్ను వచ్చి చూశాడు. చూపుడు వేలు చాపి కింది బిళ్ళ నొక్కాడు. అమ్మ "టింగ్" అని కర్టెన్ పక్కకి లాగింది. వాడు ఆవిడ మొహంలోకి చూశాడు. మళ్ళీ నొక్కాడు. టింగ్. ఆ రాత్రి అన్నం ఆలస్యమైంది, ఫోన్ గుర్తు రాలేదు. మూడో రోజు అమ్మ కావాలనే టింగ్ అనకుండా ఊరుకుంది. వాడు నొక్కి, ఆగి, ఆవిణ్ణి చూసి, ఇంకోసారి నొక్కి, చివరికి వాడే "టింగ్" అన్నాడు. ఎవరూ అడగని మాట అది.

ఒక బొట్టుబిళ్ళ బటన్ అయింది. కర్ర గుర్రమైనట్టే. ఈ ఒక్క ఆటలో నేను వేరువేరుగా రాసుకున్న లక్ష్యాలు ఎన్ని కలిసిపోయాయో చూస్తే ఆశ్చర్యం వేసింది. మిగతా వేళ్ళు ముడిచి చూపుడు వేలొక్కటే చాపడం పెన్సిల్ పట్టుకి కావలసిన పని. లిఫ్ట్ వెంటనే రాదు, "మూడో ఫ్లోర్లో ఉంది, ఆగు" అని అమ్మ అంటే ఆగాలి. క్లాసులో రెండు నిమిషాలు ఆగలేని పిల్లవాడు ఇక్కడ ఆగాడు, ఎందుకంటే ఆగడం ఆటలో భాగం. పైకి, కిందకి, వచ్చింది, మూసెయ్, మామ్మా రా: నెల తిరిగేసరికి పాతిక కొత్త మాటలు. అంకెలకి మొదటిసారి అర్థం వచ్చింది. ఐదు అంటే మన ఇల్లు, సున్నా అంటే స్కూటరు.

సెప్టెంబరులో ఒకసారి ఇంటికి వెళ్ళాను. జిగురు పోయి ఒక బిళ్ళ కింద పడింది. చిన్ను దాన్ని వేలి కొసకి అంటించుకుని కాసేపు చూశాడు. నేల మీద కూర్చున్న అమ్మ దగ్గరికి నడిచి, నుదుటి మీద అంటించాడు. ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. మళ్ళీ ముందుకొచ్చి ఆ బొట్టుని వేలితో నొక్కి, "పైకి" అన్నాడు. ఆవిడ వాణ్ణి ఎత్తుకుని లేచి నిలబడింది. నేను నోట్సు రాయడం ఆపేశాను.

మట్టి, ఇసుక, ఉప్పుమూట

ఒంటి పని ఇంకోవైపు నడిచింది. చిన్ను కొరకడానికి కోపమొక్కటే కారణం కాదు. ఎక్కడానికీ వేలాడటానికీ బరువు తోయడానికీ చోటు లేని ఒళ్ళు ఒత్తిడి కోసం ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. కండరాలకీ కీళ్ళకీ అందే ఈ స్పర్శ గురించి ఏ. జీన్ ఏర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు 1970ల్లో చేసిన పని మా వృత్తికి పునాదుల్లో ఒకటి. ఖరీదైన పరికరాలేవీ కొనిపించలేదు. నాన్నకి ఉప్పుమూట అప్పగించాను. షిఫ్ట్ నుంచి రాగానే వాణ్ణి వీపున వేసుకుని "ఉప్పు కొంటారా?" అంటూ ఇల్లంతా తిరగడం, పరుపు మీద కుస్తీ, దిండ్ల గుట్ట ఎక్కడం. "నాకు వీడితో ఏం చెయ్యాలో తెలిసేది కాదు మేడమ్, ఇప్పుడు తెలుస్తోంది" అన్నారాయన అక్టోబరులో.

ఆదివారాలు సాగర్‌నగర్ బీచ్. మొదట చెప్పులు విప్పనివ్వలేదు, కాలికి ఇసుక తగిలితే ఏడుపు. బలవంతం చేయలేదు. దుప్పటి మీద కూర్చుని గరిటెతో తవ్వడంతో మొదలుపెట్టాం. నాలుగో వారానికి ఒక మడమ, ఆరో వారానికి రెండు కాళ్ళు. మన తీరంలో అలలు లోపలికి లాగేస్తాయి కాబట్టి నీళ్ళకి బాగా దూరంగా, పొడి ఇసుకలోనే ఉండమని గట్టిగా చెప్పాను. తడి ఇసుక బకెట్లో తెచ్చుకోవచ్చు. తడి ఇసుకని పిండి ముద్ద చెయ్యడం చేతికి ఇచ్చే బలం ఏ రాత పుస్తకమూ ఇవ్వదు.

ఫోన్ ఎంతసేపు ఇవ్వొచ్చని అమ్మ అడిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క: మూడు, నాలుగేళ్ళ పిల్లలకి తెర ముందు కూర్చునేది రోజుకి గంటకి మించకూడదు, ఒళ్ళు కదిలే ఆట అన్నీ కలిపి మూడు గంటలు, అందులో గంటైనా ఆయాసం వచ్చేలా ఉండాలి. మేం ఒక్కసారిగా ఆపలేదు. మొదట అన్నం దగ్గర ఆపాం. ఆ వారం వాడు సగం తిండే తిన్నాడు, మామ్మ నాతో మాట్లాడలేదు.

తర్వాత మామ్మే ఏటికొప్పాక లక్కపిడతలు తెప్పించింది. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్రని చెక్కి, లక్కలో చెట్ల నుంచి తీసిన రంగులు కలిపి పూస్తారు. 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. నోట్లో పెట్టుకునే పిల్లలకి రసాయన రంగుల ప్లాస్టిక్ కంటే ఇవి నాకు ఇష్టం, కాకపోతే గొంతులో పడేంత చిన్నవి తీసేయాలి. మామ్మ ఉత్తుత్తి పప్పు వండేది, వాడు లిఫ్టులో ఐదో అంతస్తుకి తీసుకెళ్ళి బొమ్మకి పెట్టేవాడు. గుజ్జనగూళ్ళు అని మనవాళ్ళు ఏనాడో పేరు పెట్టుకున్న ఆట. తన ముద్ద బొమ్మకి పెడుతూ తానూ తినేవాడు.

బడి

ఇక్కడ నాకు కోపం వస్తుంది, దాచుకోను. నాలుగేళ్ళ పిల్లవాడికి రోజూ రెండు పేజీల రాత హోంవర్కు. అక్షరం గీత దాటితే ఎర్ర సిరా సున్నా. పెద్దవాళ్ళ మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. బలం కూడా భుజం నుంచి మోచేతికి, అక్కడి నుంచి వేళ్ళకి దిగుతుంది. భుజానికి ఎక్కే, వేలాడే ఆట ఇవ్వకుండా వేళ్ళని రాయమంటున్నాం. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసుని పునాది దశ అంది. దానికోసం 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకి కేంద్రంగా పెట్టింది. పిల్లల ఆట హక్కుని ఒప్పుకునే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లోనే చేరింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

ఇవన్నీ రాసి బడికి ఉత్తరం ఇచ్చాను. యాజమాన్యం నుంచి జవాబు రాలేదు. క్లాసు టీచరు మాత్రం ఫోన్ చేసి, "నాకు తెలుసండీ, పై నుంచి పుస్తకాలు నింపమంటారు. ఈ బాబుకి ఒక పేజీ బదులు మైనపు ముద్ద ఇస్తాను" అన్నారు. ఆవిడకి నా నమస్కారం.

సెల్లార్లో జరిగింది

నవంబరు కల్లా ఇంట్లో బాగా ఆడుతున్నాడు కదా అని, సాయంత్రాలు సెల్లార్లో పిల్లల మధ్యకి పంపమన్నాను. తొందరపడ్డాను. పదిమంది పిల్లలు లాక్ అండ్ కీ ఆడుతున్నారు. పరుగు, అరుపులు, క్షణానికో దొంగ మారడం. మూడో రోజు ఒక పాపని కొరికాడు. ఆ రాత్రి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాటలు అమ్మ నాకు పంపింది. వాటిని ఇక్కడ రాయను. రెండు వారాలు ఆవిడ వాణ్ణి గుమ్మం దాటించలేదు.

పక్కపక్కన ఎవరి ఆట వాళ్ళు ఆడటమే ఇంకా రాని పిల్లవాణ్ణి ఆటలన్నిటిలోకీ కష్టమైన గుంపాటలోకి తోశాను. మెట్టు దిగాం. నాలుగో అంతస్తులో ఏడేళ్ళ పాప ఉంది, చిన్నపిల్లలంటే ప్రాణం. వారానికి మూడు రోజులు ఆ పిల్లొక్కతే ఇంటికి వచ్చేలా మాట్లాడుకున్నారు. మొదటి వారం ఒకే చాప మీద ఇద్దరూ, ఎవరి ఇసుక ట్రే వాళ్ళది. రెండో వారం ఆ పాప లిఫ్ట్ చూసి "ఇది హాస్పిటల్ లిఫ్ట్, నేను పేషెంట్" అంది. చిన్ను గోల పెట్టాడు. అది వాడి లిఫ్ట్, ఐదు ఫ్లోర్ల ఇంటి లిఫ్ట్, ఇంకోటి కావడానికి వీల్లేదు. పాప "సరేలే" అని వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి మళ్ళీ అదే అంది. మూడో రోజు వాడు కర్టెన్ తీసి, "పేషెంట్ రా" అన్నాడు. ఆ మొండితనం మెత్తబడాలని నేను నెలల తరబడి చూశాను. ఏడేళ్ళ పాప మూడు రోజుల్లో సాధించింది.

సంక్రాంతికి వారం రోజులు మామ్మ ఊరు వెళ్ళొచ్చారు. మట్టి, దూడ, అన్నలూ వదినెలూ. "పోదారి" (పోదాం) అనే మాట, మోకాలి మీద చెక్కుడు దెబ్బ, అన్నం తనే కలుపుకుని తినడం తెచ్చుకున్నాడు.

మార్చి

రెండో మూల్యాంకనం. సామాజిక వయసు మూడేళ్ళ రెండు నెలలు. తనంతట తాను వాడే మాటలు నూట ఇరవై దాటాయి, రెండు మూడు మాటలు కలుపుతున్నాడు. పేరు పిలిస్తే ఎక్కువసార్లు తిరుగుతాడు. కొరకడం జనవరి తర్వాత లేదు. తెర ముందు సమయం నలభై నిమిషాలకి దిగింది. సున్నా చుడతాడు, అడ్డగీత నిలువుగీత గీస్తాడు, అక్షరాలు రాయడు, నేను అడగలేదు.

అదే నెల డాక్టరు గారు మళ్ళీ చూసి, ఆటిజం అని నిర్ధారించారు. సాయం తక్కువ అవసరమయ్యే స్థాయి అన్నారు. నాకు ఊహ ఉంది, అయినా ఆ ఫోన్ వచ్చినప్పుడు గొంతు పట్టేసింది. మర్నాడు అమ్మానాన్న ఇద్దరూ వచ్చారు. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అమ్మ అడిగింది: "అంటే ఈ ఆటలన్నీ పని చేయలేదా మేడమ్?"

ఫైలు తెరిచి జూలై పేజీ, మార్చి పేజీ పక్కపక్కన పెట్టాను. ఆట ఆటిజానికి మందు అని నేను ఏ రోజూ చెప్పలేదు, చెప్పకూడదు. ఆటిజం ఉన్నా లేకపోయినా పిల్లవాడు ఎదిగేది ఆటలోనే. చిన్ను ఆట చిన్ను పద్ధతిలో ఉంటుంది: వరసలు ఇష్టం, లిఫ్టులు ఇష్టం, కొత్తదానికి మూడు రోజులు కావాలి. ఆ మూడు రోజులు ఇచ్చే మనుషులు చుట్టూ ఉండాలి. నాన్న అప్పుడు ఒకే మాట అన్నారు: "ఉప్పుమూట ఆపక్కర్లేదు కదా?"

పోయిన వారం సెంటర్లో అట్టపెట్టె లిఫ్ట్. చిన్ను, గుడ్డబొమ్మ, రెండు డబ్బాలు లోపల. నేను ఎక్కబోతే అరచెయ్యి అడ్డం పెట్టి, "ఫుల్" అన్నాడు. నేను మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాను. వాడు నా మొహం చూశాడు, లోపలికి చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. ఒక డబ్బా తీసి బయట పెట్టాడు. "మేడమ్ రా. కాళ్ళు లోపల."

జూన్లో యూకేజీ. ఇంకా చాలా పని ఉంది. పెద్ద చప్పుళ్ళకి చెవులు మూసుకుంటాడు, గుంపులోకి ఇంకా వెళ్ళలేడు, ఓడిపోవడం అస్సలు చేతకాదు. వచ్చే నెల నాలుగో అంతస్తు పాపతో అష్టాచెమ్మా మొదలుపెడుతున్నాం, మొదట రెండే కాయలతో. గవ్వలు మామ్మ ఊరి నుంచి తెస్తానంది.